ఫోటోలో ఆయన జాగా

మా మేనత్త పోయింది. ఆ పొద్దున కాలేజీకి తయారై, కామారెడ్డిలో మా హాస్టల్ మెట్లు దిగుతుంటే బాపు ఫోన్ చేశాడు. "మీ అత్త లేదు బిడ్డా" అన్నాడు. ఎల్లారెడ్డిలో తన ఇల్లు విడిచి ఎక్కడా ఉండని మనిషి లేకపోవడమేంటని, "ఎక్కడికి పోయింది?" అని అడిగాను. ఆయన గొంతు సవరించుకోబోయి సవరించుకోలేకపోయిన చప్పుడు విన్నాక గానీ నాకు తెలియలేదు. తెలిశాక కాలేజీ సంచితోనే ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను.

బీడీలు చుట్టే తునికాకు అడిగి తెచ్చుకుందామని పొద్దున్నే వెళ్లిన పక్కింటి అవ్వ ఆమెను ముందుగా చూసిందట. గోడకు ఆనుకుని, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుని ఉందట. ఏదో ఆలోచనలో ఉందనుకుని అవ్వ తనకు కావలసిన ఆకు తానే తీసుకుని, "పోతున్న" అని చెప్పి వాకిట్లోకి వచ్చి, మనసొప్పక మళ్లీ లోపలికి వెళ్లిందట. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ముఖం తలుపు వైపే ఉందని, కండ్లు తెరిచే ఉన్నాయని అవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. తలుపు మాట నాకు వింతగా అనిపించలేదు. మా అత్త ఎప్పుడూ తలుపుకు ఎదురుగానే కూర్చునేది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో పేరు పడేంత మనిషి కాదు. బీడీలు చుట్టింది, ఇరుగుపొరుగుతో మంచిగా ఉంది, వెళ్లిపోయింది. కానీ ఆమెతో కలిసి నేను ఒక పని చేశాను, కాలేజీ కోసం చేసిన ఒక చిన్న ప్రాజెక్టు. అది అప్పటి నుంచి నన్ను పట్టుకుని వదలడం లేదు. అందుకే చెబుతున్నాను.

ఆమె మా బాపుకు అక్క. మాది సదాశివనగర్ దగ్గరి పల్లె, మక్క, వరి వేసుకునే ఇల్లు. ఆమెను ఎల్లారెడ్డికి ఇచ్చారు. పిల్లలు కలగలేదు. నేను పుట్టకముందే మామ గల్ఫ్‌కు పోయాడు. మా దిక్కు అది కొత్త సంగతి కాదు. ఇంటికొకరు పోయి వచ్చినవాళ్లే. మామ మాత్రం రాలేదు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి, మరికొన్నాళ్లు పక్క వీధిలో ఎవరింటికో ఫోన్లు వచ్చాయి, ఆ తర్వాత ఏమీ లేదు. కంపెనీ విడిచి వేరే చోటికి పోయాడని ఒకరన్నారు. ఎడారిలో గొర్ల దగ్గర ఉన్నాడని ఒకరు, జైల్లో చూశామని ఒకరు. చూశామన్నవాళ్లను నిలదీస్తే తాము చూడలేదని, చూసినవాళ్లెవరో చెప్పారని నసిగేవారు. ఉన్నాడని నమ్మకంగా చెప్పినవాళ్లు లేరు, పోయాడని చెప్పినవాళ్లూ లేరు.

ఆ వెతుకులాటలో మామ ఫోటోలన్నీ పోయాయి. సెలవుకు వచ్చి మళ్లీ గల్ఫ్ పోయే ప్రతి మనిషి చేతిలో మా అత్త ఒక ఫోటో పెట్టేదట, "ఏడనన్న కనబడ్తె జెప్పుండ్రి" అని. పాస్‌పోర్టు ఫోటోలు అయిపోయాక పెండ్లినాటి ఫోటో కూడా ఇచ్చేసింది. ఒక్కటీ తిరిగి రాలేదు. అందుకే నేను మా మామ ముఖం ఎన్నడూ చూడలేదు. ఎట్లా ఉండేవాడని అడిగితే, "ఎత్తు మనిషి. తల వంచకపోతె మన గడపకు తలిగేది" అనేది. అంతకుమించి వర్ణన చెప్పేది కాదు. చూసిన మనిషిని మాటల్లో పెట్టడం ఆమెకు ఇష్టముండేది కాదనుకుంటాను.

పెండ్లికి పిలిస్తే పొద్దున వచ్చి, నలుగురిలో కలిసి పని చేసి, తిని, పొద్దుగూకకముందే ఎల్లారెడ్డికి చేరుకునేది. "ఒక్క రాత్రి ఉండు అత్తా" అని కొంగు పట్టుకుంటే, "ఆయనొస్తె తాళం జూసి మర్లిపోతడు బిడ్డా" అనేది. రేపో మాపో వస్తానని కబురు పెట్టిన మనిషి గురించి చెప్పినంత మామూలుగా అనేది.

ఆమె బొట్టు పెట్టుకునేది, మెట్టెలు పెట్టుకునేది, పుస్తెలు తీయలేదు. కానీ మా అక్క పెండ్లిలో అమ్మ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వరుసలో ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ వస్తుంటే, తన వంతు రాకముందే అత్త లేచి, "పొయ్యి మీద పాలు జూసొస్త" అని వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు లేవు. అమ్మ గట్టిగా ఊపిరి వదలడం నేను చూశాను. ఆ తర్వాత గమనిస్తే ప్రతి పేరంటంలోనూ అదే జరిగేది. ఒకసారి ఉండబట్టలేక, "బొట్టు పెట్టించుకోకుండ ఎందుకు లేస్తవ్ అత్తా?" అని అడిగేశాను.

"నా కాడికొచ్చేసరికి మీ అమ్మ చెయ్యి వణుకుతది బిడ్డా. పెడ్తె ఒక భయం, పెట్టకపోతె ఒక భయం. ఆ చెయ్యిని ఎందుకు గోస పెట్టాలె?" అంది. నాకు అమ్మ మీద కోపమొచ్చింది. అత్తకు రాలేదు.

బాపుతో మాత్రం ఆమెకు ఒకే విషయంలో పడేది కాదు. పన్నెండేళ్లు దాటినా జాడ లేని మనిషికి మోదుగాకులతో బొమ్మ చేసి, దాన్నే మనిషిగా ఎంచి దహనం చేసి, దినాలు చేయడం మా వైపు ఆచారం. అది చేస్తే గానీ పోయినవాడికి దారి దొరకదంటారు. ఎల్లారెడ్డికి వెళ్లినప్పుడల్లా బాపు ఈ మాట ఎత్తేవాడు.

"ఎన్నేండ్లని జూస్తవే అక్కా? బావకు దారి జూపియ్యాలె గదా. నా మాటిను."

"ఆకులు కాలబెడ్తె మనిషి పోతడారా తమ్మీ? నువ్వు జూసినవా? నేను జూసిన్నా? చూడనిదానికి ఏడ్వుమంటె నాకు ఏడ్పెట్ల వస్తదిరా?"

బాపుకు కోపం వచ్చేది. టీ తాగకుండానే లేచి బండి స్టార్ట్ చేసేవాడు. ఆమె వాకిట్లోకి వచ్చి, "పైలంగ పో" అని అరిచేది. మళ్లీ నెలకు ఇద్దరూ అక్కడే కూర్చుని అవే మాటలు అనుకునేవారు. బాపుది మొండితనమని అప్పుడనుకునేదాన్ని. తన అక్క ఎటూ కాకుండా నడుమ నిలబడిపోయిందన్న బాధ ఆయనదని ఇప్పుడనిపిస్తోంది.

డిగ్రీలో మా మేడం ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఫోటోలతో ఒక కథ చెప్పాలి. పది దాటకూడదు. కింద ఒక్క అక్షరం రాయకూడదు. "ఏ ఫోటో తర్వాత ఏ ఫోటో పెడతారో అదే మీ కథ. వరుస మారిందంటే కథ మారుతుంది" అని చెప్పింది. క్లాసులో సగం మంది పోచారం డ్యామ్ మీదికి పోయి, అదే నీళ్లను, అదే కొంగలను తీసుకుని వచ్చారు. నేను అందరికంటే తెలివైనదాన్ని కదా, బీడీలు చుట్టే మా అత్త మీద చేస్తానని గొప్పగా చెప్పి ఎల్లారెడ్డి వెళ్లాను.

ఆకు తడపడం, కత్తెరతో కోయడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఫోన్లో తీశాను. ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందే ఇది, నా వేళ్లన్ని తీస్తున్నవా? నా గోర్లు మంచిగ లెవ్వు" అంది.

"కథ అత్తా. నీ పని కథ."

"గిది కథెట్ల అయితది కోడలా? పొద్దున సుడ్తె మాపటికి కట్టలైతయ్, కట్టలు కార్ఖానకు పోతయ్. దీంట్ల ఎవలొస్తున్నరు, ఎవలు పోతున్నరు? కథంటె ఎవలన్న రావాలె, ఎవలన్న పోవాలె."

నాకు ఉడుకుమోత్తనం ఎక్కువ. అయితే నువ్వే చెప్పు కథ అన్నాను, ముఖం ముడుచుకుని. చేతిలో ఉన్న బీడీకి దారం కట్టి, చాట పక్కన పెట్టి, కాసేపు తలుపు వైపు చూసింది.

"రేపు పొద్దుగాల తీద్దాం. మీ మామ పోయిన పొద్దు తీద్దాం" అంది.

నేను తెల్లారి లేచేసరికి ఆమె స్నానం చేసి, తల దువ్వుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని ఉంది. ఆనాటి చీర ఎప్పుడో చినిగిపోయిందట. దానికి దగ్గరి రంగు చీర కట్టింది. గ్యాస్ పొయ్యి ఉండగా పెరట్లో కట్టెల పొయ్యి పెట్టింది. పక్కింటి అవ్వ ఇంటి నుంచి ఒక పెద్ద సంచి అడిగి తెచ్చి, అందులో దుప్పట్లు కూరి నిండుగా చేసింది. ఏది ముందు, ఏది తర్వాత అని నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు నొక్కు. నాకు ఎరికె" అంది.

పొయ్యి ముట్టించింది. చాయ్ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి ముందుకు చాచింది. జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం పాత పంచె గుడ్డలో పెట్టి ముడి వేసింది. సంచి పట్టీ పట్టుకుని లేపింది. గడప దగ్గర దర్వాజ పట్టుకుని నిలబడింది. ప్రతిదాంట్లోనూ ఆమె ఒక అంచుకు పోయి నిలబడుతోంది. మిగతా సగం ఖాళీ. ఫోటో తీయడంలో మేడం చెప్పిన సూత్రాలన్నీ నా తలలో కొట్టుకుంటున్నాయి. చూసి చూసి విసుగొచ్చి, "అత్తా, జర నడుమకు రారాదు" అన్నాను.

"నేనొస్తె ఆయనెక్కడ నిలబడాలె మరి?" అంది, నాకు బుద్ధి లేదన్నట్టు.

అప్పటి నుంచి నేను నోరు మూసుకున్నాను. ఆమె మాట్లాడుతోంది, నాతో కాదు. "రొట్టెలు ఈపూటకె. రేపటికి పెట్టుకోకు, పుల్లవడ్తయ్" అంది. ఆగింది. ఏదో విన్నట్టు తల కొంచెం ఆడించింది. "సరె గని, ఉత్తరం రాయి" అంది. మళ్లీ ఆగింది. ఈసారి నవ్వింది కూడా. ఆమె ఆగినప్పుడల్లా నేను నొక్కాను. ఆమె మాట్లాడుతుంటే పెదవులు కదిలి ఫోటో చెదురుతుంది కాబట్టి అలా చేశాననుకున్నాను. కానీ ఇంటికి ఒక మూల కోడి కూయడం తప్ప ఇంకో చప్పుడు లేని ఆ పొద్దున నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అవతలి మనిషి మాట్లాడుతున్నప్పుడు నేను ఫోటోలు తీస్తున్నాను.

చివరికి గల్లీ మలుపు దాకా నడిచాం. కామారెడ్డి స్టేషన్‌కు వస్తానంటే మామ వద్దన్నాడట. ఊరివాళ్లతో కలిసి జీపు ఎక్కాడట. జీపు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడ నిలబడిందట. మళ్లీ అట్లాగే నిలబడింది. నేను ఆ ఒక్క ఫోటో తీసి ఫోన్ జేబులో పెట్టుకున్నా ఆమె కదల్లేదు. పాలు పోసే మనిషి సైకిల్ బెల్లు కొట్టాక గానీ పక్కకు జరగలేదు.

ఫోన్లో చూపిస్తే, "గిది అద్దం లెక్కున్నది, కాయితం మీద దెచ్చి జూపియ్యి" అంది. కామారెడ్డిలో ప్రింట్లు వేయించి మళ్లీ వెళ్లాను. చాప మీద వరుసగా పేర్చాను. పొయ్యి, చాయ్, రొట్టెల మూట, సంచి, గడప, గల్లీ మలుపు. మనిషిని చూపకుండా ఒక మనిషి పోవడం చూపించానని లోపల గర్వంగా ఉంది. ఒక సంగతి అప్పుడే కనిపెట్టాను. ఏ ఫోటోలో చూసినా ఆమె కండ్లు ఒకే ఎత్తులో ఆగి ఉన్నాయి. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం దగ్గర ఆగినట్టు ఆగి ఉన్నాయి.

ఆమె చాలాసేపు చూసింది. బాగాలేవేమోనని భయపడ్డాను.

"నువ్వు తప్పు పేర్చినవ్ బిడ్డా" అంది. "మంచిగ తీసినవ్. తప్పు పేర్చినవ్."

వంగి, గల్లీ మలుపు ఫోటో తీసి అందరికంటే ముందు పెట్టింది. దాని పక్కన గడప. తర్వాత సంచి. తర్వాత మూట, చాయ్ గ్లాసు, అన్నిటికంటే చివర పొయ్యి. కొంగుతో చెయ్యి తుడుచుకుని వెనక్కి జరిగి కూర్చుంది. "ఇగ జూడు" అంది.

చూశాను. గల్లీ మలుపులో ఒక ఆడమనిషి ఎదురుచూస్తోంది. గడపలో నిలబడి వచ్చినవాణ్ణి చూస్తోంది. అతని చేతిలోంచి సంచి అందుకుంటోంది. దారికి కట్టిన మూట విప్పుతోంది. ముడి వేసే చేతులూ, ముడి విప్పే చేతులూ ఫోటోలో ఒకేలా ఉంటాయని నాకు అంతవరకూ తెలియదు. చాయ్ ఇస్తోంది. అతనికి అన్నం వండడానికి పొయ్యి ముట్టిస్తోంది. అవే ఫోటోలు. ఒక్కటీ మార్చలేదు.

"ఆయన పోయింది అందరికి ఎరికె. అది జెప్పేదందుకు ఫోటోలెందుకు?" అంది అత్త.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "పిచ్చిపిల్ల" అని నా నెత్తి మీద ఒకటి తట్టి చాట ముందుకు లాక్కుంది. ఆమె దగ్గర నేను చూసినదాంట్లో గొప్పది అదేననుకుంటాను. లోకం ఒక దిక్కు నుంచి చదివి అయిపోయిందని మూసేసినదాన్ని, ఆమె ఇంకో దిక్కు నుంచి చదువుతూ బతికింది.

ఆమె పేర్చినట్టే ప్రాజెక్టు ఇచ్చాను. మేడం అందరివీ కాలేజీ వరండాలో తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసింది. నావి చూడటానికి క్లాసంతా గుమిగూడింది. అప్పుడు వెనక నుంచి ఒకడు, "ఆయన ఇంటికొచ్చిండు గదా, మరి కనబడడేంది? దయ్యం కథనా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మేడం నవ్వలేదు. దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ చూసి, "ఈ మనిషిని ఎడిట్ చేసి తీసేశావా?" అని అడిగింది.

"లేదు మేడం. అక్కడ ఎవరూ లేరు."

"ఈమె కళ్లు చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు" అంది మేడం.

ఆ దయ్యం మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ శనివారం ఎల్లారెడ్డి వెళ్లి, వాడిని నాలుగు తిట్టి, జరిగిందంతా అత్తకు చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఆమె ముందు ఎవరూ ఆ మాట అనేవారు కాదు. ఆమె బీడీ చుట్టడం ఆపలేదు.

"దయ్యమైన మంచిదే. ఇంటికి రానియ్యి" అంది.

అంతే అంది. మామ బతికి లేడేమోనన్న మాట ఆమె నోట రావడం నేను విన్నది ఆ ఒక్కసారే. అది కూడా వద్దని కాదు, రమ్మని. ఇంటికి వెళ్లి బాపుకు చెప్పాను. ఆయన అన్నం తింటున్నాడు. చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. తర్వాత ఎల్లారెడ్డి వెళ్లినప్పుడల్లా మోదుగాకుల మాట ఎత్తుతాడేమోనని నేను కనిపెట్టి చూశాను. ఎత్తలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ వానల గురించి, మక్క ధర గురించి మాట్లాడుకున్నారు. బాపు టీ మొత్తం తాగాడు.

ఇప్పుడు పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయించాలంటే ఆమె నేరుగా చూస్తున్న ఫోటో ఒక్కటి దొరకలేదు. నా దగ్గర ఉన్నవన్నీ పక్కకు చూస్తున్నవే. ఆమెను మధ్యలోకి జరిపి మిగతాది కోసేస్తానని స్టూడియో అతను అన్నాడు. నేను వద్దన్నాను. "సగం ఖాళీగ ఉంటది చెల్లె, ఎవలన్న ఏమనుకుంటరు?" అన్నాడు. అనుకోనీ అన్నాను. గల్లీ మలుపులో ఇప్పుడు ఆ ఫ్లెక్సీ ఉంది. ఒక అంచున ఆమె, చాయ్ గ్లాసు చాచిన ఆమె చెయ్యి. దాని ముందునుంచి నడవాలంటే నాకు భయంగానే ఉంది.

ఆమెను సాగనంపిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

నేను కామారెడ్డి నుంచి చేరేసరికి స్నానం చేయించి, కొత్త చీర కట్టి పడుకోబెట్టారు. ఇల్లంతా ఆడవాళ్లు. పక్కన పళ్లెంలో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు. ఎవరూ ముట్టుకోవడం లేదు. స్నానంలో బొట్టు కరిగిపోయి ఆమె నుదురు ఖాళీగా ఉంది. నాకు తెలిసినప్పటి నుంచి ఆ నుదురును అలా చూడలేదు. భర్త ఉండగా పోయిన మనిషిగా పంపాలా, లేని మనిషిగా పంపాలా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. "గాజులు వెయ్యాల్నా, ఉన్నయి గూడ తియ్యాల్నా? ఎవలన్న ఒక మాట జెప్పుండ్రి. తప్పు జేస్తె మనకే తాకుతది" అని ఒక పెద్దామె గొణిగింది. బతికి ఉన్నన్నాళ్లు ఆమె తప్పించుకు తిరిగిన పళ్లెం అది. ఇప్పుడు పాలు చూసొస్తానని లేచి పోవడానికి ఆమెకు వీల్లేదు.

బయట పాడె కట్టిస్తున్న బాపును ఎవరో పిలిచారు. ఆయన గడపలో నిలబడి అక్క ముఖం చూశాడు. ఆకుల బొమ్మ చేసి దినాలు చేద్దామని ఏళ్లకేళ్లు పోరిన మనిషి ఏమంటాడో అందరికీ తెలుసుననుకున్నాం.

"మా అక్క ఎట్ల బతికిందో గట్లనె పోతది. గాజులెయ్యుండ్రి. బొట్టు పెట్టుండ్రి" అన్నాడు.

అన్నాడు గానీ ఒక్క చెయ్యి కదల్లేదు. ఎవరి పుస్తెల భయం వాళ్లది. నేను లేవబోతుంటే నా భుజం మీద చెయ్యి వేసి అమ్మ లేచింది. పళ్లెం దగ్గరికి లాక్కుంది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణికే చెయ్యితోనే పాదాలకు పసుపు రాసి, గాజులు తొడిగి, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. ఆ కుంకుమలోంచి చిటికెడు తీసి కండ్లకద్దుకుని, తన పుస్తెలకు పెట్టుకుంది. ముత్తయిదువగా పోయిన మనిషి కుంకుమ పెట్టుకుంటే మంచిదని మా దిక్కు నమ్మకం. కాసేపటికి ఆ పెద్దామె వచ్చి తీసుకుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. అమ్మ మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అమ్మ మీద ఎన్నేళ్లుగానో దాచుకున్న కోపం నాలోంచి అప్పుడు పోయింది.

శ్మశానానికి పోయే దారిలో, ఊరు దాటాక, పాడెను ఒకచోట కిందికి దించుతారు. దాన్నే దింపుడు కళ్లం అంటారు. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే తిరిగి వస్తుందేమోనని, సొంత మనిషి చెవి దగ్గర వంగి గట్టిగా పిలవాలి. పిలిస్తే లేచినవాళ్లను ఎవరూ చూడలేదు. అయినా పిలవకుండా ఎవరినీ సాగనంపరు. ఆడవాళ్లం కొంచెం వెనక నిలబడ్డాం. ఎండ ఎక్కింది. డప్పులు ఆగాయి. బాపు మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అక్కా" అన్నాడు.

ఆగాడు. "అక్కా" అన్నాడు మళ్లీ.

మూడోసారి పిలవబోతూ పాడె మీదికి ఒరిగాడు. పక్కనున్నవాళ్లు భుజం పట్టుకున్నారు. ఆయన వాళ్ల చేతులు విదిలించుకుని, ఇంకా దగ్గరికి వంగి, మాకందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు.

"అక్కా, లే. బావ వచ్చిండు."

అది అబద్ధమని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. అయినా అందరం తలలు తిప్పి, ఊరి వైపు నుంచి వచ్చే దారిని చూశాం. డప్పులవాళ్లు చూశారు, అమ్మ చూసింది, నేను చూశాను. అందరికంటే ముందు తల తిప్పి చూసింది, ఆ మాట అన్న బాపే.